సముద్రం మీద తూర్పు వాకిలి

విజయవాడ నుంచి నాగాయలంక వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన పేరు నాకు తెలియదు. నేను సివిల్ ఇంజనీరింగ్ చదివానని తెలియగానే ఆయన సంబరంగా ఫోనులో ఒక ఫొటో చూపించారు. ప్లాస్టిక్ డ్రమ్ముల మీద కట్టిన గుండ్రటి ఇల్లు, తీరానికి కాస్త దూరంలో, సముద్రం మీద తేలుతోంది. మర్నాడే గృహప్రవేశమట.

"నీళ్ళ మీద ఇల్లు తిరిగిపోతుంది కదండీ, మరి వాకిలి ఏ దిక్కున ఉంటుంది?" అని అడిగాను.

"తిరగనిస్తామా అమ్మా? తూర్పు వాకిలి తప్పకూడదని నాలుగు వైపులా అడుగున గుంజలు పాతి, తాళ్ళు బిగించి కట్టేశాం. అంగుళం కదలదు."

పోటు వచ్చినప్పుడు నీరు ఇంటిని పైకి లేపుతుంది. బిగించిన తాళ్ళు దాన్ని లేవనివ్వవు, నీరు లోపలికి వచ్చేస్తుంది.

"లోపల ఎవరెవరు ఉంటారండీ?"

"ఇంటిల్లిపాదీ. మా మనవరాలి చేత పాలు పొంగిస్తున్నాం."

పామర్రు దాటాక బస్సు గుంతల్లో పడి ఊగింది. కాళ్ళ దగ్గరున్న నెయ్యి క్యాను ఒలకబోతుంటే ఆయన చటుక్కున ఎత్తి, చేతికి వేలాడదీసి పట్టుకున్నారు.

"చూడండి, ఊగనిచ్చారు కాబట్టే ఒలకలేదు. ఇంటినీ ఒక్క వదులు తాడు మీద వదిలెయ్యండి. దయచేసి ఈరోజే," అన్నాను.

ఆయన ఆ క్యానును మెల్లగా ఊపి చూశారు. అవనిగడ్డలో దిగేముందు, నా భయం పోగొట్టాలని కాబోలు, ఎంతో మృదువుగా చెప్పారు.

"నువ్వన్నది నిజమే తల్లీ. ముహూర్తం దాటగానే విప్పించేస్తాను."

ముహూర్తం ఏ వేళకో అడగాలని నాకు తోచేసరికి బస్సు కదిలిపోయింది. ఇప్పటికీ ఎవరైనా గృహప్రవేశానికి పిలిస్తే, ఆ వేళకు సముద్రం పోటులో ఉంటుందేమోనని ముందుగా చూసుకుంటాను.