డ్రైవర్ లేని రైల్లో నాన్న

కౌలాలంపూర్‌లో మొదటి రెండు రోజులూ మా నాన్న రైలెక్కనంటే ఎక్కనన్నాడు. రాయ్‌పూర్ నుంచి బతుకంతా రైళ్లు నడిపిన మనిషి! "మీరిద్దరూ ఎక్కండి, నేను నడిచొస్తాను" అనేవాడు అమ్మతోనూ నాతోనూ. దారే తెలీని ఊళ్లో నడిచి రావడమేటి, నా మొహం. చేసేది లేక ముగ్గురం నడిచాం.

నడిచినందుకు నష్టపోలేదు, ఒప్పుకుంటాను. ఊరు అంత బాగుంది. ఎండ మన రాయ్‌పూర్ టాటీబంధ్ చౌరస్తాలో లాగే మండింది గానీ లారీల దుమ్ము లేదు, ఫుట్‌పాత్ పొడుగునా చెట్ల నీడే. మధ్యాహ్నం వాన పడితే ఎవరూ పరుగులు పెట్టరు, తగ్గేదాకా టీ తాగుతూ కూర్చుంటారు. అమ్మ అక్కడి రొట్టె, చేపల పులుసు తిని, "మన వైపు వాళ్లెవరో వచ్చి నేర్పుంటారు" అని తీర్పిచ్చేసింది. నాన్న మాత్రం పైన వంతెన మీద రైలు చప్పుడైతే చాలు, మొహం తిప్పేసుకునేవాడు.

కారణం మాకు తెలుసు. రిటైర్మెంటుకి ముందు కళ్ల పరీక్షలో రంగుల దగ్గర తప్పాడు. ఇంజను దింపి ఆఫీసులో కూర్చోబెట్టారు. ఇంజన్లో డ్రైవరు సిగ్నల్ చూసి దాని రంగు పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు తనూ చూసి తిరిగి చెప్పాలి. ఆ అలవాటు మా స్కూటర్ మీదకీ వచ్చింది. తెలీబంధా సిగ్నల్ దగ్గర పచ్చదీపం పడగానే నాన్న చెయ్యి చాపి, పచ్చ అని హిందీలో "హరా" అనేవాడు. వెనక అమ్మ "హరా" అంటేగానీ బండి కదిలేది కాదు, ఎన్ని హారన్లు మోగినా సరే. మధ్యలో ఇరుక్కున్న నేను సిగ్గుతో చచ్చేదాన్ని. పరీక్ష తప్పాక స్కూటర్ అమ్మేశాడు. చీర రంగు బాగుందా అని అమ్మ అడిగినా "నాకేం తెలుసు" అనేవాడు.

మూడో రోజు అమ్మ మోకాళ్లు మొరాయించాయి. చచ్చినట్టు రైలెక్కాల్సొచ్చింది. మొదటి పెట్టె ఎక్కాం. ఎదురుగా పెద్ద అద్దం, అవతల పట్టాలు. డ్రైవర్ గదే లేదు.

"ఏటిది, తోలేవాడేడీ?" అన్నాడు నాన్న.

"ఎవరూ లేరు. దానంతటదే పోద్ది," అన్నాను.

నమ్మలేదు. వెళ్లి అద్దం దగ్గర నిలబడ్డాడు. ఇళ్ల కప్పుల పక్కనుంచి, తడిసిన చెట్ల మీదుగా ఎంత మెత్తగా పోయిందో ఆ రైలు! ఓ స్టేషన్లో ఆగి కదిలాక, "బ్రేకు బాగా వేస్తోంది" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

ఓ మలుపు దాటాక పట్టాల పక్కన చిన్న దీపం కనబడింది. అది దేనికో మాకెవరికీ తెలీదు. నాన్న చెయ్యి సగం లేచి ఆగిపోయింది. చెప్పు నాన్నా, తప్పయినా ఫర్లేదు చెప్పు, అని లోపల మొక్కుకున్నాను. చెయ్యి పూర్తిగా చాపాడు.

"హరా," అన్నాడు.

సీట్లో మోకాళ్లు పట్టుకు కూర్చున్న అమ్మ పక్కకి వంగి ఆ దీపాన్ని చూసింది. అచ్చం స్కూటర్ మీద చెప్పినట్టే చెప్పింది.

"హరా."

నేనూ చూశాను. ఆకుపచ్చే.