స్క్రీన్‌షాట్‌తో పాటు ఆగిన గోడ

2022లో నన్ను దుబాయ్‌లోని ఒక ఫోన్ ఆటల కంపెనీలో భద్రతా విభాగం అధిపతిగా వేశారు. రిటైర్ కాకముందు అదే నా ఆఖరి పోస్టింగ్. భద్రత అనగానే మా బంధువులు తుపాకీ పట్టుకుని గేటు దగ్గర నిలబడతాననుకునేవారు. నా పని అంతకంటే నీరసమైనది. విడుదల కాని ఆటల తెర బొమ్మలు బయటికి పొక్కకుండా చూడటం.

అప్పుడు మా చేతిలో ఉన్నది ఫోన్‌లో ఇల్లు కట్టుకునే ఆట. గోడలు, తలుపులు, కిటికీలు నిజమైన కొలతలతో పెట్టుకోవచ్చు. విడుదలకు ముందు ఆడి లోపాలు చెప్పడానికి బయటివాళ్లను టెస్టర్లుగా తీసుకున్నాం. బొమ్మలు ఎవరికీ పంపబోమని వాళ్లు ముందే ఒప్పుకోవాలి. అయినా ఒకరోజు మేం దాచి ఉంచిన, ఆటలో సామాన్లు అమ్మే కొత్త దుకాణం బొమ్మ ఆటగాళ్ల పేజీల్లో ప్రత్యక్షమైంది. మా ముదీర్, అంటే మేనేజరు, మంచివారే గానీ, ఆ రోజు ఆయన ఎదుట పడటానికి అందరం జంకాం.

వెంటనే ఆట మొత్తానికి రక్షణ గుర్తు తగిలించాం. అది ఉంటే స్క్రీన్‌షాట్ తీసినా నల్లటి బొమ్మే వస్తుంది. తర్వాత పొక్కిన బొమ్మలో వాటర్‌మార్క్ వెతికాం. ప్రతి టెస్టర్ తెర మీదా కంటికి ఆనని గుర్తు ఒకటి వేసి ఉంచుతాం. బొమ్మ ఎవరి ఫోన్‌లోంచి వెళ్లిందో అదే చెబుతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టాం. ఆమె పేరు కుమారి. రాజోలు వైపు మనిషి, షార్జాలో ఒకరింట్లో పని చేస్తోంది.

“ఖాతా తీసేయండి, ఖలాస్” అన్నారు ముదీర్. తీసే ముందు టెస్టర్ మాట వినాలన్నది మా పద్ధతి. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నేనే ఫోన్ చేశాను.

ఆమె ఏమీ దాచలేదు. “ఆయ్, నేనే పంపేనండి, మా మేస్త్రికి” అంది. ఊళ్లో ఆమె ఇల్లు కడుతున్నారట. వంటిల్లంటే ఆ మేస్త్రికి వెనకాల చీకటి గది. ఆమెకేమో వీధి వైపు కిటికీ ఉన్న వంటిల్లు కావాలి. “నోటితో చెబితే ఊఁ అంటాడండి, మళ్లీ ఆడి ఇష్టమొచ్చినట్టే కడతాడు. అందుకే ఆటలో కట్టి సూపించేనండి.” మేస్త్రి మురిసిపోయి ఆ బొమ్మను తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. బొమ్మలో ఓ మూలన మా దుకాణం కూడా ఉంది. అక్కడి నుంచే అది చేతులు మారి ఆటగాళ్ల పేజీలకు ఎక్కింది.

“కిటికీ కొలతలేసి ఇంకో బొమ్మ పంపుదామంటే ఇప్పుడేమో నల్లగా వత్తందండి. గోడలు లేపేత్తానంటన్నాడు. ఒకసారి లేచాక పడగొట్టించే తాహతు నాకెక్కడిదండీ?”

ఇంకో ఫోన్‌తో తెరను ఫొటో తీయవచ్చు కదమ్మా అని నోరు జారాను. భద్రతాధికారి అనవలసిన మాట కాదు. “ఈ ఇంట్లో ఫొటో అన్నదే తియ్యనని మేడంకి మాటిచ్చేనండి. ఎవరి ఫోనైనా అంతే కదండీ. బయటికెళ్దామంటే ఈ నెల సెలవు అయిపోయింది” అంది. మా షరతులు ఇంగ్లీషులో ఉన్నాయి. వాటిని మనందరిలాగే చదవకుండా ఒప్పుకుంది.

ఆ వారమే మరిన్ని బొమ్మలు పొక్కాయి. అన్నీ వంకరగా, లైటు మెరుపులతో, పక్క ఫోన్‌తో తీసినవే. వాటర్‌మార్క్ చదవడానికి వీల్లేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. నాకు ఒళ్లు మండింది, కుమారి మీద కాదు.

ఆ వంకర బొమ్మలనూ, కుమారి నల్ల బొమ్మనూ ముదీర్ ముందు పెట్టాను. దుకాణం మన రహస్యం సరే, ఆమె కట్టుకున్న ఇల్లు మన రహస్యం ఎలా అవుతుందని అడిగాను. ఆయన “వంటింటి కిటికీ ఎటువైపు?” అన్నారు. మొదట పొక్కిన బొమ్మ తీసి చూపించాను. మార్పుకు సంతకం పెట్టారు. రక్షణ దుకాణానికే పరిమితం చేసి, ఇల్లు కట్టే తెర మీద దుకాణం కనబడకుండా చేశాం. కుమారికి హెచ్చరిక ఇచ్చి ఖాతా ఉంచాం.

మార్పు ఫోన్లకు చేరేదాకా పని ఆపమని మేస్త్రికి నేనే ఫోన్ చేశాను. ఆమె ఎన్నిసార్లు చెప్పినా ఆగనివాడు, “దుబాయ్ ఆఫీసు నుంచి” అనగానే తాపీ కింద పెట్టాడు. కిటికీ ఆమె కోరిన చోటే వచ్చింది.

ఆ తర్వాత ఏ తెరకు అడ్డం పెట్టమన్నా, ఆ బొమ్మ ఎవరికి, ఎందుకు అవసరమో ముందు విచారించమనేవాణ్ణి. స్క్రీన్‌షాట్ ఆపడం తేలికే. కానీ బొమ్మ దొంగిలించదలచినవాడి దగ్గర ఇంకో ఫోన్ ఉంటుంది. మనం పెట్టిన అడ్డం ఆ రెండో ఫోన్ ముట్టనని మాటిచ్చినవాళ్లనే ఆపుతుంది.