మూడో పాదం కుంటుతోంది!

ఒక్క యతి కోసం ఒక పిల్ల పెళ్లినీ, నా నెత్తిమీది కప్పునూ ఒకేసారి ఊడగొట్టబోయిన మహాపండితుడి కథ ఇది. ఆ పండితుడు, మీ అనుమానం నిజమే, నేనే.

1969 తెలంగాణ ఉద్యమం రోజులు. కాలేజీలు మూతబడ్డాయి. గుంటూరు నుంచి వచ్చి తెలుగు ఎం.ఏ. వెలగబెడుతున్న నాలాంటివాడికి గది దొరకడమే గగనం. అయినా దిల్‌సుఖ్‌నగర్‌లో ఎల్లయ్యగారు నన్ను కిరాయికి ఉంచుకున్నారు. "నువ్వు మా ఇంటి మనిషివి పంతులూ, ఎవడేమంటడో చూస్త" అనేవారు. నేను మాత్రం ఛందస్సు రాని మనుషుల మధ్య పడ్డానని రోజూ నిట్టూర్చేవాణ్ణి. అంత పొగరు!

ఆయన కూతురు సుగుణకు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు ఉద్యమం ఊరేగింపులో పోలీసులకు దొరికి జైల్లో ఉన్నాడు. ఒక ఆదివారం తుర్కయంజాల్ నుంచి కాబోయే అత్తగారు వచ్చింది. సుగుణ సిగ్గుపడుతూ నాలుగు పాదాల పద్యం చదివింది. 'జైలు గోడ మీద చందమామను జూస్తి' అనే మూడో పాదం దగ్గర అందరి కళ్లూ చెమర్చాయి. నావి తప్ప.

"ఎట్లుంది పంతులూ?" అన్నారు ఎల్లయ్యగారు మురిసిపోతూ.

"బాగుంది" అంటే పోయేది. నేను దవాఖానలో పెద్ద డాక్టరులా గొంతు సవరించుకున్నాను.

"ఇది ఆటవెలది."

అత్తగారు ఉలిక్కిపడింది. "ఏందీ? ఆటలాడేదాన్నా మేం కోడలుగ తెచ్చుకునేది?"

"అది ఛందస్సు పేరమ్మా! అసలు దోషం వేరే ఉంది. పాదం కుంటుతోంది."

"కుంటుతున్నదా! పిల్ల కుంటిదని మాకు చెప్పకపోతివేందన్నా?"

"ఏ కాలు పంతులూ?" అన్నారు ఎల్లయ్యగారు కూతురి కాళ్లవైపు చూస్తూ.

"మూడోది" అన్నాను.

సుగుణను వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి చూశారు. నేను ఆ పిల్ల వెనకే నడుస్తూ, "పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ అక్షరం రావాలి. దాన్నే యతి అంటారు. 'జై'కి 'చం' జోడీ ఎలా అవుతుంది?" అని పాఠం చెబుతూనే ఉన్నాను.

సుగుణ ఆగిపోయింది. అత్తవైపు తిరిగింది.

"పద్యం నేను రాయలే అత్తా. మీ కొడుకు రాసిండు. జైలుకు ములాఖత్‌కు పోయిన మా అన్నతోని చెప్పి పంపిండు."

అత్తగారు దిగ్గున లేచి నావైపు తిరిగింది. "నా కొడుకు పద్యంల కుంటా? జైల్ల కూసొని గంత మంచిగ కడితే! కుంటు నీ నాలుకకున్నది!" అంటూ కోడల్ని దగ్గరికి లాక్కుంది. పెళ్లి నిలిచింది. నేను నిలవలేదు.

ఎల్లయ్యగారు నా ట్రంకుపెట్టె తెచ్చి గేటు బయట పెట్టారు. "ఆంధ్రోనివని నిన్ను పొమ్మంటలే. గా మాట ఎవడన్న అంటే వానితోని కొట్లాడేటోన్ని. నీ ఛందస్సుతోనే పరేషానున్నది. పో, పంతులూ!"

మూసారాంబాగ్ వైపు పెట్టె మోసుకుపోతూ ఆ పాదాన్ని మళ్లీ వల్లించుకున్నాను. జ, చ ఒకే జట్టు అక్షరాలు. 'జై'లోని ఐ, 'చం'లోని అ కూడా అంతే. యతి నిక్షేపంగా కుదిరింది!

నడిరోడ్డు మీద పెట్టె దించి, దానిమీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఇకమీదట ఎవరే పద్యం చదివినా దాని పాదాలు పరీక్షించను. వంగి దండం మాత్రం పెడతాను.