క్యాంపు కప్పు మీద మా సారు పేరు

మా ఫుట్‌బాల్ సారు పోయారు. పోయిన నెలలో ఒక పొద్దున నేను ఆసుపత్రిలో డ్యూటీ ఎక్కుతుండగా పుంగనూరు నుంచి అమ్మ ఫోన్ చేసింది. అమ్మంటే సారు భార్య. ఆయన దగ్గర ఆట నేర్చుకున్న మా అందరికీ ఆమె అమ్మే. "సారు ఇంక లెయ్యలేదు మే. నిద్దర్లోనే పోయినాడు. నువ్వు రా" అంది. నేను వెంటనే ఏడ్చి ఉండేదాన్నే. కానీ బయల్దేరి మదనపల్లె బస్టాండుకు వచ్చేసరికే అక్కడ ఫ్లెక్సీ లేచి ఉంది. అందులో మా సారు తపాలా బిళ్లంత. ఫుట్‌బాల్ కమిటీ ప్రెసిడెంటు మాత్రం చేతులు జోడించుకుని నిలువెత్తున ఉన్నాడు. కింద "మా కోచ్‌కు కన్నీటి వీడ్కోలు" అట! ఎవరి కోచ్? నిరుడు మే నెలలో ఆయన్ను పీకి అవతల పారేసింది ఎవరు? ఒళ్లు మండిపోయింది. సారు గురించి నాలుగు మంచి మాటలు రాయమని పత్రికవాళ్లు అడిగితే కోపం రాస్తోందేమిటని చదివేవాళ్లు అనుకుంటే అనుకోనివ్వండి.

ఆయన మదనపల్లెలో మా స్కూల్లో పీటీ సారుగా చేసి రిటైరయ్యారు. ఆడపిల్లలు నిక్కర్లు వేసుకుని బంతి తన్నడమేమిటని వీధివీధంతా నవ్వే రోజుల్లో మా ఇంటికొచ్చి, మా నాయన పక్కన అరుగు మీద కూర్చుని, "నీ కూతురికి సేతులు పెద్దవప్పా, ఊరికే యాల పోగొడతావు? గోలీగా నిలబెడతా" అన్నారు. మా నాయన కాదనలేకపోయాడు. సారు సంచిలో ఎప్పుడూ ఉడకబెట్టిన చెనిక్కాయలు ఉండేవి. ఎవరి బూటు లేసు ఊడినా ఆయనే మోకాళ్ల మీద కూర్చుని కట్టేవారు. పెద్దాయన, వద్దు సార్ అంటే వినేవారు కాదు. "నువ్వు కడితే మళ్లీ ఊడతాది మే, నిలబడు" అనేవారు.

ఏటా మే నెలలో క్యాంపు, వానలు పడ్డాక సీజను. క్యాంపులో ఎవరి చోట్లో వాళ్లను ఆడనివ్వకపోవడం ఆయన పద్ధతి. గోలీనైన నన్ను ముందుకు తోసేవారు. గోల్స్ కొట్టే పిల్లను గోల్‌లో నిలబెట్టేవారు. మొదటి ఏడాది నేను బంతి తన్నబోయి గాల్లో కాలు ఊపి వెల్లకిలా పడ్డాను. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చేసింది.

"నాకు రాదు సార్, నన్ను గోల్‌లోనే పెట్టండి" అన్నాను.

"రాదు గాబట్టే మే ఈడ ఆడమంటాండేది. కొట్టేదాని తిప్పలు నీకు తెలిస్తే, రేపు నువ్వు గోల్‌లో ఉన్నప్పుడు దాని కాలు యాడికి తిరగతాదో తెలుస్తాది. క్యాంపులో ఓడిపోతే ఏం పోతాది?"

ఏం పోతుందో ఆయనకే తర్వాత తెలిసింది. మా దగ్గర క్యాంపు చివరి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఒక మ్యాచ్ పెట్టడం ఆనవాయితీ. షామియానా వేస్తారు, బిర్యానీ వండుతారు, ముఖ్య అతిథి వస్తాడు. ఆ ఒక్క ఆట చూసి ఊళ్లో పెద్దలంతా సీజను జాతకం చెప్పేస్తారు. ఈ ఏడు మనదే అని ఒకరు, ఈ ఏడు పోయినట్టే అని ఇంకొకరు. సారు నవ్వి ఊరుకునేవారు. "క్యాంపులో ఎవురికీ భయం ఉండదు. భయం లేనప్పుడు అందురూ బాగానే ఆడతారు" అని మాతో మాత్రం అనేవారు. నిజమే. మేలో నెమలిలా ఆడినవాళ్లు ఆగస్టు బురదలో కనబడకుండా పోవడం నేను చూశాను. మేలో బాగా ఆడి సీజనంతా అలాగే ఆడినవాళ్లనూ చూశాను. ఆ మాటే సారుతో అంటే, "అదీ జరగతాది. కానీ ముందే తెలిసిపోతాదని నాకు చెప్పొద్దు" అన్నారు.

నిరుడు కొత్త ప్రెసిడెంటు వచ్చాడు. టొమాటో మండీ యజమాని. చివరి ఆదివారం కుప్పం పిల్లలు వచ్చారు, మనవాళ్లకు గోల్ మీద గోల్ వేశారు. వేయరా మరి? మన గోల్‌లో ఉన్నది ఎన్నడూ బంతి పట్టని పిల్ల! ముఖ్య అతిథి పకపకా నవ్వాడు. ప్రెసిడెంటు మైకు లాక్కుని, "ఈ టీమును సీజనుకు తీసకపోతే మన పరువు ఏం గావాల?" అన్నాడు, అంతమంది పిల్లల ముందర.

సారు లేచి నిలబడ్డారు. "అన్నా, మీరు మండీలో బాక్సు పై వరస సూసి రేటు కట్టరు గదా. అడుగుదాకా సెయ్యి పెట్టి సూస్తారు. నా పిల్లోళ్లను మాత్రం యాల పైపైన సూసి తీర్పు చెప్తాండారు?" అన్నారు.

మర్యాదగానే అన్నారు. ఆ వారమే ఆయన్ను తీసేశారు. బయటి నుంచి ఒక కోచ్‌ను తెచ్చి, ఆ ఆదివారం బాగా కనబడినవాళ్లను ఏరి జట్టు కట్టారు. సీజనులో ఆ జట్టు పోయిన చోటల్లా ఓడింది. ఓడినందుకు నాకు సంతోషం లేదు, వాళ్లూ మా పిల్లలే. కానీ ప్రెసిడెంటుకు మాత్రం సిగ్గన్నది లేదు.

కుప్పంలో మ్యాచ్ ఉందని తెలిసి సారు బస్సెక్కారు. నేనూ వెంట వెళ్లాను. గ్రౌండు చుట్టూ తాడు కట్టారు. కమిటీ మనిషొకడు అడ్డం వచ్చి, "లోపలికి రాకూడదు సార్, కోచ్‌కు మాత్రమే" అన్నాడు. తుంపర పడుతోంది. సారు తాడు బయటే నిలబడ్డారు. సగం ఆటయ్యాక పిల్లలు కొత్త కోచ్‌ను వదిలేసి ఆ తాడు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. ఆయన ఆట గురించి ఒక్క మాట చెప్పలేదు. తాడు కిందినుంచి చేతులు పెట్టి ఒక పిల్ల లేసు కట్టారు.

తిరుగు బస్సులో నేను ఊరుకోలేకపోయాను. "మీకు కోపం రాదా సార్? యాల వచ్చినారు ఈడికి?"

"కోపం రాకుండా ఉంటాదా మే? పిల్లోళ్లు ఏం జేసినారు మరి?" అన్నారు. ఆయన గ్రౌండుకు రావడం అదే ఆఖరు.

మొన్న సారు జ్ఞాపకార్థం ఆదరణ కూడిక మదనపల్లెలోనే పెట్టారు. పాస్టరు ప్రార్థన చేశాక ప్రెసిడెంటు లేచాడు. గొంతు బొంగురు చేసుకుని చాలా మాట్లాడాడు. ఆఖర్న గుడ్డ తీసి బల్ల మీద ఒక పెద్ద వెండిరంగు కప్పు చూపించాడు. ఇకమీదట ఏటా క్యాంపు చివరి ఆదివారం బెస్ట్ ప్లేయరుకు ఇచ్చే కప్పట. దాని మీద మా సారు పేరు అప్పటికే చెక్కించేశాడు. జనం చప్పట్లు కూడా కొట్టారు! నేను లేవబోయాను. నాకంటే ముందు అమ్మ లేచింది.

"ఆయన బతికినన్నాళ్లూ వద్దు వద్దన్న పనికి ఆయన పేరే పెడతారాప్పా? క్యాంపు సూసి పిల్లోళ్లకు ఎల కట్టొద్దని మొత్తుకున్నాడే, ఆ నోరు మూతపడిందనే గదా మీకింత ధైర్యం?"

"అది కాదమ్మా, గౌరవం కొద్దీ..." అన్నాడు ప్రెసిడెంటు.

"గౌరవమే ఉంటే కుప్పంలో తాడెత్తి లోపలికి పిల్సుకోని ఉందురు."

అమ్మ నడిచి వెళ్లి బల్ల మీది కప్పు తీసుకుంది. బట్టల సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. ఆపే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది. నేను వెనకే పరిగెత్తాను.

పుంగనూరు బస్సులో కిక్కిరిసిన జనం. సంచి జిప్పు పడలేదు, కప్పు చెవులు రెండూ బయటికి పొడుచుకొచ్చాయి. కండక్టరు టికెట్లు కొడుతూ వచ్చి దాన్ని చూసి నవ్వాడు.

"యాడ గెల్సినారమ్మా?"

అమ్మ ఒక చెయ్యి కప్పు మీద వేసి ఒళ్లోకి లాక్కుంది. "గెలవలేదప్పా," అంది. "ఇడిపించుకోని ఇంటికి తీసకపోతాండా."