సక్రీ యాడి ఏడిస్తే చప్పట్లు కొట్టారు

నిన్న పొద్దున మిరపకోతకు ఆటో ఎక్కుతుంటే ఫోన్. సక్రీ యాడి ఇక లేదట.

నమ్మలేదు. మొన్న సోమవారం కూడా అర్జీ పట్టుకుని గ్రీవెన్స్‌కి వెళ్ళొచ్చింది కదా!

యాడి అంటే మా లంబాడీ మాటలో అమ్మ. వినుకొండ పక్కన మా తండా మొత్తానికీ ఆమె యాడే.

ఆమె అడిగింది ఒక్కటే. బడిలో ఒకటో క్లాసు పిల్లలకు మా మాట తెలిసిన మనిషిని పెట్టమని. మనవరాలు అంజలి బళ్ళో చేరిన ఏడాది తెలుగు రాక నోరు విప్పలేదు. టీచరమ్మ మూగపిల్ల అనుకుంది.

ఒక ఆఫీసులో "మీ భాషకు లిపి లేదమ్మా" అన్నారు. ఇంకో ఆఫీసులో "గుర్తింపు రావాలి, అది ఢిల్లీ పని" అన్నారు.

జనాభా లెక్కల్లో మా భాషను హిందీ కింద కలిపేశారని నేను చెబితే, "నాకు హిందీ వచ్చని నాకే తెలీదే!" అంది.

ఒకసారి గుంటూరులో మాతృభాషా దినోత్సవానికి యాడిని పిలిచారు, నేను తోడెళ్ళాను. స్పీచ్ ఇవ్వడానికి కాదు, గిరిజన ఐటమ్ కోసం.

మా ఆడవాళ్ళు ఏడిస్తే మాటలు కట్టి, రాగం తీసి ఏడుస్తారు. చావుకైనా, అప్పగింతలకైనా. యాడి మైక్ ముందు ముసుగేసుకుని మా మాటలో అలాగే ఏడ్చింది. "నా నోరు బతికుండగానే పాడె కట్టారు, నా పిల్లల్ని బళ్ళో మూగవాళ్ళను చేశారు బాబుల్లారా" అని.

ముందు వరుస మొత్తం చప్పట్లతో తాళం వేసింది. వీడియోలు తీశారు. శాలువా కప్పారు.

తిరుగు బస్సులో యాడి ఒకటే నవ్వు. "ఏడిస్తేనే అర్థం కాలేదు. ఇంక అర్జీ ఏం అర్థమవుద్దే వీళ్ళకి?"

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఇవాళ ఆ ఫంక్షన్ పెట్టిన వాళ్ళు మెసేజ్ పెట్టారు, "గొప్ప జానపద కళాకారిణిని కోల్పోయాం" అని.

కళాకారిణి ఏంటి సార్? ఆమె అర్జీదారు. చనిపోయేదాకా అర్జీదారే.

నిన్న సాయంత్రం ముసలమ్మలందరూ ఏడ్చాక, అంజలి యాడి కాళ్ళ దగ్గర కూర్చుని రాగం తీసింది. హైస్కూల్ పిల్ల ఇప్పుడు. సగం మాటలు తెలుగే దొర్లాయి. మా మాట గుర్తుకురాక మధ్యలో ఆగిపోయింది. ముసలమ్మలే ఒక్కో మాట అందించారు. అలా అందించుకుంటూనే పూర్తి చేసింది.

ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు.

వెళ్ళిరా యాడీ. అక్కడైనా నిన్ను మన మాటలోనే పలకరించాలి. నీ మనసు అక్కడ చల్లబడాలి.