ఖాలా వేసిన వంకర కుట్లు

నా చిన్నప్పుడు మా తాతకు పదకొండు బర్రెలుండేవి. శాలిబండ వెనక గల్లీలో, మా ఇంటిని ఆనుకుని ఉన్న కొట్టంలో వాటిని కట్టేసేవాడు. నేను ఐదో తరగతిలో ఉండగా వాటన్నిటినీ ఒకే రోజు అమ్మేశారు. గడ్డి ధర పెరిగింది. పేడ వాసన అని చుట్టుపక్కల కొత్తగా దిగినవాళ్లు రోజూ లొల్లి పెడుతున్నారు. మా నాన్నకు ఆఫీసులో ప్యూను ఉద్యోగం రావడంతో పాలు పిండడానికి తాతకు తోడెవరూ లేకపోయారు. కారణాలన్నీ సరైనవే, కాదనడానికి లేదు. బర్రెల్ని తోలుకుపోయాక తాత కొట్టమంతా నీళ్లు కొట్టి కడిగాడు. మర్నాడు మళ్లీ కడిగాడు. మూడోనాటికి కడగడానికి ఏమీ లేదు.

అయినా తెల్లవారకముందే లేచి వెళ్లి ఖాళీ కొట్టంలో తొట్టి గట్టు మీద కూర్చునేవాడు. మోకాళ్ల మీద పెట్టుకున్న చేతుల్లో వేళ్లు వాటంతటవే ముడుచుకుని విప్పుకునేవి, పాలు పిండుతున్నట్టు. ఆ సంగతి ఆయనకు తెలిసేది కాదనుకుంటాను. అమ్మ పెట్టిన చాయ్ అలాగే చల్లారేది. కంచంలో సగం అన్నం కుక్క పాలయ్యేది. బర్రెల గుణగణాల గురించి నాకు గంటలకొద్దీ చెప్పే మనిషి, నేను పక్కన కూర్చుంటే ఊ అనడం కూడా మానేశాడు. ఇట్లాగే ఉంటే మనిషి దక్కడని అమ్మ నాన్నతో అనడం ఒకసారి విన్నాను. అప్పటినుంచి బడి వదలగానే పరుగెత్తుకొచ్చి ముందు కొట్టంలోకి తొంగి చూసేదాన్ని. తాత ఛాతీ లేచి పడుతోందని రూఢి చేసుకున్నాకే పుస్తకాల సంచి దించేదాన్ని. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు.

మా పక్కింట్లో ఒక ముసలామె ఉండేది, పిల్లలమంతా ఆమెను పిన్నీ అన్నట్టు ఖాలా అని పిలిచేవాళ్లం. తాత కంటే రెండుమూడేళ్లు పెద్దది. ఆయన ఆమెను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేవాడు. గల్లీలో వాళ్లు పాత చీరలు, ధోవతులు తెచ్చిస్తే బొంతలు కుట్టి ఇచ్చేది. ఇంటి నిండా కొడుకులు, కోడళ్లు, పిల్లలు ఉన్నా ఆమెతో నిలబడి రెండు మాటలు మాట్లాడే తీరిక వాళ్లలో ఎవరికీ ఉండేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం చంకలో చీరల మూట పెట్టుకుని సరాసరి మా కొట్టంలోకి వచ్చింది.

"భాయ్, మా ఇంట్ల కాలు వెట్ట జాగ లేదు. జర నీ కొట్టంల బొంత పర్సుకుంట" అంది.

తాత తలెత్తకుండానే పర్చుకొమ్మని చెయ్యి ఊపాడు. ఆమె చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, అంచు నుంచి కుట్టడం మొదలుపెట్టింది. సూదిలో దారం ఎక్కించే పని నాది. తాత అటు తిరిగి కూర్చున్నాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఎందుకో ఇటు తిరిగి చూశాడు. ఖాలా కుట్టు తాగినోడి నడకలా ఉంది.

"ఏందాపా గది? మేతకు పోయిన బర్రె లెక్క ఎటు వడితే అటు వోతున్నది."

"కండ్లు కనవడ్తలేవు భాయ్. ఏం జేద్దాం?"

బర్రెలు అమ్మాక ఆయన నోటి నుంచి అన్ని మాటలు ఒక్కసారి రావడం అదే మొదలు. లేచొచ్చి బొంతకు అవతలి కొసన కూర్చున్నాడు, ఆ వరుసంతా విప్పేశాడు, మళ్లీ కుట్టాడు. చలికాలం వస్తే బర్రెల మీద కప్పడానికి గోనెపట్టాలను దబ్బనంతో కుట్టిన చెయ్యి అది. దారం పట్టి గీసినట్టు కుట్టు సాఫుగా వచ్చింది.

ఆ తర్వాత అది రోజువారీ పని అయిపోయింది. పొద్దున ఖాలా వంకరగా కుట్టేది, మధ్యాహ్నం తాత సణుగుతూ విప్పి సరిచేసేవాడు. సణిగే మనిషికి ఆకలి కూడా వేస్తుంది కదా, రాత్రి ఇంకో రొట్టె అడగసాగాడు. అమ్మ ఆ రొట్టె కాలుస్తూ కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూశాను. మగాడు బొంత కుట్టడమేమిటని గల్లీలో నవ్వినవాళ్లూ ఉన్నారు. "టైంపాస్ భయ్, నీకేం నొప్పి?" అనేవాడు తాత. నేను బడి నుంచి పరుగు మాని నడిచి రావడం మొదలుపెట్టాను.

ఒకనాడు బడి తొందరగా వదిలారు. తాత ఇంకా స్నానం చేస్తున్నాడు. కొట్టం తలుపు సందులోంచి చూస్తే ఖాలా ఒక్కతే ఉంది. చీమల బారులా సన్నగా, తీరుగా ఒక వరుస కుట్టి, దాన్ని కాసేపు వేలితో తడిమి చూసుకుంది. తర్వాత దారం లాగేసి, అదే చోట పొడుగుపొడుగు వంకర కుట్లు గబగబా వేసింది. ఖాలా కళ్లు బాగానే ఉన్నాయన్నమాట. అంత పెద్ద రహస్యం కడుపులో దాచుకోవడం పదేళ్ల పిల్లకు మాటలా?

నాలుగు రోజులు దాచాను. ఐదో రోజు తాత పాత స్నేహితులు, పాల వ్యాపారం చేసేవాళ్లు ఇద్దరు కొట్టంలోకి వచ్చారు. వాళ్ల ముందు తాత ఖాలాను ఆట పట్టించాడు. ఆపాకు సూది పట్టడమే రాదని, తాను లేకపోతే ఆ బొంత మనిషి కప్పుకోవడానికి పనికిరాదని చెప్పాడు. ఖాలా తల వంచుకుని నవ్వుతోంది. నాకు రోషం పొడుచుకొచ్చింది.

"ఖాలాకు నీకంటె మంచిగ కుట్టొస్తది! నీ కోసమే కావాలని వంకర కుడ్తున్నది!" అని అరిచేశాను.

వచ్చినవాళ్లు పకపకా నవ్వారు. "ఏందన్నా, ఆపా నిన్ను గిట్ల ఆడిస్తున్నదా?" అన్నాడు ఒకాయన. తాత కూడా నవ్వాడు. సూదిని జాగ్రత్తగా బొంతలో గుచ్చి, లేచి ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఖాలా నా వైపు చూసింది. తిడితే బాగుండేది. తిట్టలేదు.

మర్నాడు తాత కొట్టంలోకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఖాలా ఆ రెండు రోజులూ ఒక్కతే కూర్చుని కుట్టింది. ఎంత చక్కటి కుట్టు! కళ్లకద్దుకోవాలనిపించేంత కుట్టు. మూడోనాడు బొంత పూర్తి చేసి, మడిచి, ఇటుకలు గోడ పక్కకు చేర్చి వెళ్లిపోయింది. మళ్లీ మా కొట్టంలోకి రాలేదు.

ఆ వారం చివర్లో ధైర్యం చేసి తాతను అడిగాను, ఖాలా చేసిన పని నీకు కోపం తెప్పించిందా అని.

"కోపమేంది బిడ్డా. నాకు మొదటి దినమే ఎరుక. పాలల్ల నీళ్లెంతున్నయో వేలు వెట్టి చెప్పేటోన్ని, గింత ఎరుక గాదా?"

"మరి కొట్టంలకు ఎందుకు పోతలేవు?"

"ఇప్పుడు అందరికి ఎరుకైంది గద" అన్నాడు.

తాత సూదిని మాత్రం వదల్లేదు. ఇంట్లో మంచం మీద కూర్చుని పాత ధోవతులు, నా పొట్టి అయిపోయిన లంగాలు కలిపి కుట్టుకునేవాడు. అన్నం తిన్నాడు, ఇంకా ఎనిమిదేళ్లు బతికాడు. కానీ కుట్టినంతసేపూ ఒక్కడే. గోడకు అవతల ఖాలా కూడా ఒక్కతే. మధ్యలో తిరిగే నాకు ఏం చేయాలో తోచేది కాదు. తప్పైందని చెబుదామని రెండుసార్లు ఆమె గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చాను. తర్వాత వాళ్లు యాకుత్‌పురా వైపు ఇల్లు మారారు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మా ఆయన రిటైరైన కొత్తలో కిటికీ దగ్గర కూర్చుని ఫోన్ చూసేవారు. కొన్నాళ్లకు అది కూడా పక్కన పెట్టి ఊరికే కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకరోజు నేను హాల్లో పాత చీరలు పరిచి, చూపు ఆనడం లేదంటూ వంకరగా కుట్టాను. ఆయన లెక్కల మనిషి, వంకర గీత చూసి ఓర్చుకోలేరు. గల్లీలో పుట్టిన పసిపిల్లలకు ఇప్పుడు ఆయన కుట్టిన బొంతలే వెళ్తున్నాయి. మగాడివి నీకిదేం సరదా అని ఎవరైనా అడిగితే, మా ఆవిడకు కుట్టు రాదు, ఏం చేస్తాం అంటారు.

మొన్న చలికాలంలో నా కళ్లకు ఆపరేషన్ అయింది. ఆయనే తీసుకెళ్లారు. ఇక సూదిలో దారం కూడా మీరే ఎక్కించుకోవచ్చని డాక్టరమ్మ ఆయన ముందే నాతో చెప్పింది. దారి పొడుగునా ఆటోలో ఆయన మందుల చీటీ చదువుతూ కూర్చున్నారు. వారం తర్వాత ఆయన బొంత పరిచి, దారం ఎక్కించిన సూది నా చేతికిచ్చారు.

"నువ్వు మొదలువెట్టు. వంకరైతే నేను జూసుకుంట" అన్నారు.

ఆయనకు తెలుసు. తెలుసని నాకూ తెలుసు. ఎదురెదురుగా కూర్చుని ఇంత పెద్ద మాట మింగుతూ మధ్యాహ్నాలు గడపడం ఎంత ఒంటరి పనో ఖాలాకు ఒక్కతెకే చెప్పుకోగలను, ఆమె లేదు. చక్కగా కుట్టమని చెయ్యి లాగుతూనే ఉంటుంది. వంకరగానే కుడతాను.