మోటరుకు వచ్చే రింగు

మా తమ్ముడు బతికే ఉన్నాడని మాకు చెప్పేది మా పొలంలోని బోరు మోటరు. నవ్వేవాళ్లు నవ్వొచ్చు, మొదట్లో నేనూ నవ్వాను.

మా పొలం అయిజకు అవతల, కర్ణాటక హద్దు దగ్గర. విత్తన పత్తి వేస్తాం. ఇంటికీ పొలానికీ దూరమని స్టార్టరు పక్కన సిమ్ము వేసే పెట్టె ఒకటి బిగించుకున్నాం. అందులో ఎక్కించిన నంబరు నుంచి రింగిస్తే చాలు, స్టార్టరు టక్కుమని మోటరు నడుస్తుంది. ఇంకో రింగిస్తే ఆగుతుంది. సైన్యంలో ఉన్న తమ్ముడు సెలవులో వచ్చినప్పుడు తన నంబరు కూడా అందులో ఎక్కించాడు.

"సరిహద్దుల కూసోని మన చేనుకు నీళ్లు పెడ్తవారా?" అని ఆటపట్టించాను.

"ఇంటికి రింగిస్తే అమ్మ ఊకుంటదా అక్కా? తిరిగి పదిసార్లు చేస్తది. ఆడ మా ఆఫీసరు తిడ్తడు. మోటరైతే తిరిగి చెయ్యదు గదా" అన్నాడు.

ఆ సెలవులోనే తన పని గురించి కూడా చెప్పాడు, చెప్పదగినంత. బాంబులు మోసుకుని చాలా దూరం పోయే డ్రోన్లకు రేడియోలో ఆజ్ఞలు పంపడం వాడి పని. మామూలు తరంగాలు తిన్నగా పోతాయట, కొండ అడ్డొస్తే ఆగిపోతాయట. తక్కువ ఫ్రీక్వెన్సీవి నేలను పట్టుకుని కొండల అవతలికి కూడా చేరతాయట. దానికి మా చేనంత పొడుగు తీగలు కట్టాలి. అంత చేసినా వాటి మీద బొమ్మలు రావు, ఎక్కువ మాటలు పోవు. పో, తిరుగు, వచ్చెయ్. అంతే.

నాయన జొన్నరొట్టె తుంచుతూ అడిగాడు. "మరి ఆడ ఏమైందో నీకెట్ల తెలుస్తది?"

"తెల్వదు నాయనా. చేరింది అని జవాబొస్తది. గంతే."

నాయన చేతిలోని రొట్టె పక్కన పెట్టేశాడు.

ఈ ఎండాకాలం సరిహద్దు వేడెక్కింది. టీవీలో అరుపులు భరించలేక అమ్మ దాన్ని కట్టేయించింది. తమ్ముడికి మాట్లాడే వీలు లేదు, రింగివ్వడం వరకే. రోజూ పొద్దు వాలేసరికి ముగ్గురం పొలం చేరేవాళ్లం, ఎప్పుడో ఒకప్పుడు మోటరు దానంతటదే నడిచేది. కాలువలో నీళ్లు పడగానే నాయన "ఉన్నడు" అనేవాడు. అమ్మ ఆ నీళ్లతోనే ముఖం కడుక్కునేది. ఆ కాసేపే మేం మనుషుల్లా ఉండేవాళ్లం. మిగతా పొద్దంతా ఒకరి మీద ఒకరం కస్సుమనేవాళ్లం.

ఒకరోజు స్టార్టరు నుంచి బోరులోకి పోయే కేబులును ఎలుకలు కొరికేశాయి. నాయన అతుకు వేయడానికి కూర్చున్నాడు. ముందు ఫ్యూజులు పీకమన్నాను.

"పీకితే పెట్టె బందయితది. పోరడు రింగిస్తే స్విచాఫ్ అని వస్తది. ఇంటికాడ ఏమైందో అని పరేషాన్ అయితడు."

"వాడు ఇచ్చేది పొద్దుగూకినంక గదా?"

"అప్పుడే ఇస్తడని ఏముంది? మోటరు నడుస్తలేదు, ఈ తీగల కరెంటు యాడిది?"

ఎంత చెప్పినా వినని మొండిమనిషి మా నాయన. ఒళ్లు మండి, విసురుగా పోయి గట్టు మీద కూర్చున్నాను. పొద్దు ఇంకా నడినెత్తి మీదే ఉంది.

స్టార్టరు టక్కుమంది.

ఆ చప్పుడుకు నాకు ముందుగా కలిగింది సంతోషమే. తమ్ముడు ఉన్నాడు అనుకుంటూ నవ్వుముఖంతోనే తిరిగి చూశాను. నాయన చెయ్యి తీగకు అతుక్కుపోయి, ఒళ్లంతా కొట్టుకుంటోంది. నోట్లోంచి మాట రావడం లేదు. ఎలా పరుగెత్తానో తెలియదు, మెయిన్ స్విచ్చు కిందికి గుంజాను.

ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్లు రెండు కర్నూలు దవాఖానలో తీసేశారు. ఈ సంగతి తమ్ముడి చెవిన వేయవద్దని నాయన మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నాడు.

కొన్నాళ్లకు వాడికి ఫోనులో మాట్లాడే వీలు చిక్కింది. నాయన ఎడమచేత్తో ఫోను పట్టుకున్నాడు. కట్టు కట్టిన చేతిని తువాలు కింద దాచుకున్నాడు, వాడికి కనబడదని తెలిసి కూడా.

"నాయనా, ఆ దినం పగటీలే రింగిచ్చిన. చేరిందా?"

"చేరింది బిడ్డా."

"మంచిగైంది. రేపు గూడ ఇస్త."

"ఇయ్యి."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

ఇప్పటికీ నాయన ఆ ఫ్యూజులు పీకనివ్వడు. తెల్లారిందంటే మేమెవరమూ మోటరు దగ్గరికి పోము. దూరంగా గట్టు మీద నిలబడి, ఆ చప్పుడు రావాలని మొక్కుకుంటాం, వస్తే ఉలిక్కిపడతాం. రింగు వస్తుందని తెలుసు కాబట్టి మేం దూరంగా ఉంటున్నాం. ఆ కొండల అవతల ఉన్నవాళ్లకు దూరంగా ఉండమని ఎవరు చెబుతారు?